మూడో విడత కాఫీ

బుల్‌డోజర్ గుమ్మానికి నాలుగు గజాల దూరంలో వచ్చి ఆగింది. మూసిన తలుపుకు వీపు ఆనించి, యెషిమెబెత్ గుమ్మంలోనే కాఫీ గింజలు వేయిస్తోంది.

అడిస్ అబాబాలో ఆ సందంతా అప్పటికే నేలమట్టమైంది. కొత్త రోడ్డుకు ఆ ఒక్క ఇల్లే అడ్డం.

“లేవండమ్మా. గడువు నిన్నటితో అయిపోయింది,” అన్నాడు అధికారి తెషాగెర్.

“మూడు విడతలూ తాగకుండా కాఫీ దగ్గర్నుంచి ఎవరైనా లేస్తారా? కూర్చో నాయనా.”

“నిన్న పక్షవాతం మనిషినే మంచంతో సహా లారీ ఎక్కించాను. మీరొక లెక్కా?”

 ఆమె గొంతు పెంచింది.

“ఎక్కించు, చూద్దాం! ఈ ఊళ్లో మేడలు లేనప్పటి గడపరా ఇది. మహారాణి వేడినీటి బుగ్గల కోసం కొండ దిగొచ్చి గుడారం వేయిస్తే, మా తాతమ్మ ఆవిడకు నీళ్లు మోసింది. వంటచెరకు కరువై రాజధాని తరలిపోతుందంటే, మా తాత ఈ పెరట్లో యూకలిప్టస్ నాటాడు. ఇటలీ సైన్యం వచ్చినప్పుడే దిగలేదు, నీకు దిగుతామా?”

డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. “పెద్దావిడ సార్. కప్పు కాఫీ తాగితే పోయేదేముంది?” అంటూ కిందికి దూకాడు. అధికారి కూడా విసుగ్గా ఒక కప్పు అందుకున్నాడు.

మొదటి విడత అయింది. రెండోదీ అయింది. ఆమె ఒక్కో గోడ చరిత్రా చెబుతూనే ఉంది. నుదుటి మీద చెమట ధారలు కడుతోంది.

మూడో విడతకు ఆమె కూజాలో నీళ్లు పోస్తుండగా, తెషాగెర్ కప్పు నేలకేసి కొట్టాడు.

“చాలు! ఎక్కు బండి! తోసెయ్!”

ఇంజిన్ గర్జించింది. ఇనుప పళ్లు పైకి లేచాయి. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. కదల్లేదు.

అప్పుడే తలుపు వెనక పసిబిడ్డ కేరుమంది.

డ్రైవర్ చేతులు ఆగిపోయాయి. తెషాగెర్ తలుపు వైపు చూశాడు.

“ముందే చెబితే పురిటినొప్పుల మీదే లారీ ఎక్కించేవాడివి,” అంది యెషిమెబెత్, మోకాళ్లు పట్టుకుని లేస్తూ. “ఒక్క గంట ఆగి, ఆనక కూల్చుకో.”

గంట తర్వాత టాక్సీ కదిలాక, యెషిమెబెత్ కాన్పు చేసిన నర్సు అయిన తన కూతురి భుజం మీద తల వాల్చి, అటు పక్కనున్న బాలింతను అడిగింది: “పొద్దున దీనికి తోడుగా వచ్చేశాను గానీ, ఇంతకీ మీ పేట పేరేమిటి తల్లీ?”