ఆగని ఎర్రర్లు

చైతన్యపురి కోచింగ్ సెంటర్ వాళ్లు అక్కడే పనిచేసే నగేశ్‌ని కాదని, అతనికంటే చిన్నవాడైన సాయికుమార్‌ని నెట్‌వర్క్ హెడ్‌ని చేశారు. ఆ కడుపుమంటతో నగేశ్ వాడి కేబుల్‌లో రెండు తీగలు అటూ ఇటూ మార్చి, కొనకి మళ్లీ ప్లగ్ బిగించాడు. నెట్ తెగితే మాటలు పడేది వాడే.

రాత్రి అందరూ వెళ్లాక సర్వర్ గదిలో కూర్చుని, కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్‌లో ఒక్కో పోర్టుకి ఎదురుగా కనపడే ఎర్రర్ల అంకెలన్నీ సున్నా చేసి చూశాడు. సాయికుమార్ పోర్టు సున్నా దగ్గరే ఉంది. పెరుగుతున్నది నగేశ్ సొంత పోర్టు.

ఫోన్ మోగింది. సాయికుమార్.

"ఇంటికాడి నుంచి చూస్తున్న అన్నా. నీ కేబుల్ ఖరాబైనట్టుంది, జర తీసెయ్."

ఆ గొంతులోని ప్రేమకే నగేశ్‌కి ఒళ్లు మండింది. విసురుగా కేబుల్ పీకి చేతిలో పట్టుకున్నాడు.

"తీసిన."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"తీగ లేకుంటే ఆగాలె గద అన్నా? నీ పోర్టుల ఎర్రర్లు ఇంకా పెరుగుతనే ఉన్నయ్."