శిలాఫలకం మీద ఒక్క పేరు

“ఏమప్పా జయరాజూ! నా చేతి కూడు తిని నా మొగుని పేరే తీసేపిస్తావా?”

హనుమంతమ్మ గొంతు యూనివర్సిటీ ఆవరణంతా వినబడింది. కొత్తగా కట్టిన నీతిశాస్త్ర కేంద్రం ముందు పూజ సామాను సర్దుతున్న అటెండర్లు టెంకాయలు చేతుల్లో పట్టుకొని అట్లాగే నిలబడిపోయారు. తాడిపత్రి నుంచి తెచ్చిన శిలాఫలకం బండను మెట్ల పక్కన గోడకు ఆనించారు. దాని మీద తేదీ, మంత్రి పేరు చెక్కడం అయిపోయింది. స్థాపకుడి పేరు దగ్గర మాత్రం ఉలి ఆపేసి, ఎవరిదో తేలనీ అన్నట్టు బీడీ ముట్టించుకొని కూర్చున్నాడు రాయి చెక్కే తిప్పయ్య. రేపే ప్రారంభోత్సవం.

హనుమంతమ్మ కడుపు మండిపోతోంది, మండదా మరి! ఆమె భర్త శ్రీరంగప్ప, ఈ జయరాజు ఇద్దరూ ఒకే శాఖలో ఫిలాసఫీ ప్రొఫెసర్లు. కళ్యాణదుర్గం నుంచి ఒకే బస్సులో వచ్చిపోయేవాళ్లు. పిల్లలకు నీతీ నియమం నేర్పే కేంద్రం ఒకటి పెట్టాలన్న ఆలోచన ఆ బస్సులోనే పుట్టింది. ఎవరి బుర్రలో పుట్టిందంటే చెప్పడానికి మూడో మనిషి లేడు. మొదట ఇద్దరి పేర్లూ వేద్దామనుకున్నారు. స్థాపకుడే డైరెక్టరు, అదీ ఒక్కడే అని పైనుంచి ఉత్తర్వు రాగానే కథ అడ్డం తిరిగింది. నాదంటే నాదన్నారు ఇద్దరూ. జయరాజు పేరు ఖాయం చేయబోతున్నారని నిన్న తెలిసినప్పటి నుంచి శ్రీరంగప్ప అన్నం ముట్టలేదు.

పెళ్లాం పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ ఈ జయరాజు తన చేతి సంగటే తిన్నాడని తలుచుకుంటే హనుమంతమ్మకు ఒళ్లు మండుతోంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా!

“అక్కా, ఇంతమందిలో ఎందుకు? లోపలికి రా, మాట్లాడుకుందాం,” అన్నాడు జయరాజు.

“లోపలెందుకప్పా? ఈడనే చెప్పు. ఆలోచన ఎవరిది?”

“నాదేనక్కా.”

“సిగ్గుండల్ల! నీతి నేర్పేటోడివి, నోరు తెరిస్తే అబద్ధమా? పిల్లోళ్లకు ఇదేనా నువ్వు నేర్పేది?”

శ్రీరంగప్ప భార్య చెయ్యి పట్టి లాగాడు. “ఊరుకోవే. జనం చూస్తాండారు. ఇంటికి పోదాం పా.”

“నువ్వు గమ్మునుండయ్యా! నీ మెతకదనమే మన కొంప ముంచింది.”

గొడవ విని వైస్ చాన్సలర్ సరళ బయటికి వచ్చారు. “అమ్మా, అరిస్తే తేలే సంగతి కాదిది. సాక్ష్యం ఉంటే చూపించండి.”

“సాక్ష్యమా మేడం? యాడికీ పోనక్కర్లేదు, ఈడనే ఉండాది.” హనుమంతమ్మ పూజ పళ్లెంలోంచి కర్పూరం బిళ్ల తీసింది. “మా పక్క కర్పూరం ఆర్పి చెప్తే దానికి తిరుగులేదు. కసాపురం ఆంజనేయుని మీదా, కన్నబిడ్డ మీదా ఆన పెట్టి ఎవరు ఆర్పితే వాళ్లదే ఆలోచన. అబద్ధమాడినోని వంశం నిలవదు!”

“ఇది యూనివర్సిటీ అమ్మా, రచ్చబండ కాదు.”

“ఆర్పమనండి మేడం, తేలిపోతాది,” అన్నారు గుంపులోంచి ఎవరో. మరో నలుగురు వంత పాడారు. రేపటిలోగా పేరు పడాలి కదా అని సరళ ఒకసారి బండ వైపు చూసి పక్కకు జరిగారు.

హనుమంతమ్మ మెట్టు మీద తమలపాకు పరిచి కర్పూరం వెలిగించింది. “రాప్పా జయరాజూ. నువ్వే ముందు.”

జయరాజు కదల్లేదు. “నేను ఒట్టు పెట్టనక్కా. ఒట్టు పెట్టడమే తప్పని మా చర్చిలో చెప్తారు. నాదంటే నాది, అంతే.”

“నీ దేవుని మీదే పెట్టు! వద్దంటిమా?”

“ఏ దేవుని మీదా పెట్టను.”

“సూసినారా, సూసినారా! నిజమైతే భయమెందుకు? చేతగానోనికి సాకులెక్కువ!”

గుంపులో గుసగుసలు లేచాయి. జయరాజు మొహం కందగడ్డలా అయింది. “శ్రీరంగా, నువ్వన్నా చెప్పు,” అన్నాడు.

శ్రీరంగప్ప చెప్పులు విడిచి మెట్టు దగ్గరికి వచ్చాడు. ఏ శనివారమూ తప్పకుండా భార్యతో గుడికి పోయి, టెంకాయ బుట్ట మోసే మనిషి. కళ్లు మూసుకొని చేతులు జోడించాడు. “కసాపురం ఆంజనేయుని మీద ఆన. నా కొడుకు ఓబులేష్ మీద ఆన. ఆ ఆలోచన నాది.” మంట మీద అరచెయ్యి వేసి అదిమి పట్టాడు.

చప్పట్లు మోగాయి. సరళ నిట్టూర్చి తిప్పయ్యకు సైగ చేశారు. ఉలి చప్పుడు మొదలైంది. జయరాజు భుజానికి సంచీ తగిలించుకొని ఎర్రటి ఎండలో బస్టాపు వైపు నడిచాడు.

“పో, పో! ఇంక మా గడప తొక్కితే కాళ్లిరగ్గొడతా!” అని వెనక నుంచి అరిచింది హనుమంతమ్మ. ఇంత జరిగినా ఆమె కోపం చల్లారలేదు.

ఇంటికి రాగానే భర్త అరచేతికి వెన్న రాసింది.

“సూడు, బొబ్బ కూడా లేయల్యా. స్వామి మన పక్కనుండాడు. నిజం నీదని తెలిసే నేను ఆ మాట అన్నా. అయినా బిడ్డ పేరెత్తినప్పుడు నాకు గుండె ఆగినంత పనాయ. నీకు కొంచెమన్నా భయమేయల్యా?”

నిన్నటి నుంచీ నవ్వని శ్రీరంగప్ప ఇప్పుడు హాయిగా నవ్వాడు.

“దేవుడుంటే గదే భయపడేకి!”