ఏడు పక్కటెముకలు

కొడుకు డాక్టరు కాలరు పట్టుకొని గోడకేసి గుద్దాడు.

“మా అమ్మకి కేన్సర్ తిరగబెట్టిందా, లేదా? ఆవిడకేమన్నా అయిందో, నిన్నిక్కడే పాతేస్తా!”

వాచ్‌మన్లిద్దరు అతన్ని వెనక్కి లాగారు. ఆ పెనుగులాటలో ఒకడి పెదవి చిట్లి నెత్తురు కారింది.

డాక్టరు స్కానింగ్ గదిలోకి వచ్చి గడియ పెట్టాడు. పొద్దున ఎక్కించిన రేడియోధార్మిక మందు ముసలావిడ ఎముకల్లోకి చేరింది. తెర మీద ఆవిడ ఎడమ పక్కటెముకలు ఏడింటి మీద నల్లటి మచ్చలు గీత గీసినట్టు ఒకే వరుసలో కనిపిస్తున్నాయి. కేన్సర్ అలా బారులు తీరదు. చెల్లాచెదురుగా పాకుతుంది.

“కేన్సర్ కాదమ్మా. ఇవి దెబ్బలు. ఎముకలు చిట్లాయి. మీ అబ్బాయి మిమ్మల్ని కొడతాడా?”

“అయ్యో, వాడికి నేనంటే పంచప్రాణాలు బాబూ. నా మీద ఈగ వాలనివ్వడు.”

“మరి ఇవెలా వచ్చాయి?”

బయట కొడుకు వాచ్‌మన్లని విదిలించుకొని తలుపును దబదబా తంతున్నాడు. ఆవిడ అటు చూసి గొంతు తగ్గించింది.

“మొన్న కోడల్ని చావగొడుతుంటే దాని మీద బోర్లా పడి కప్పేశాను. పైకెత్తిన కర్ర ఆపుకోలేకపోయాడు.”

డాక్టరు పోలీసులకు చెయ్యడానికి ఫోన్ తీశాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. వద్దంటుందేమో అనుకున్నాడు.

“చెయ్యి బాబూ, చెయ్యి. కానీ నా ఎముకల బొమ్మ ఒక్కటే చూపిస్తే ఏం లాభం? నాకు తగిలింది ఒక్కరోజే. ఆరేళ్ల దెబ్బలు నా కోడలి ఒంట్లో ఉన్నాయి. బయట బెంచీ మీదే కూర్చుంది. దాన్ని లోపలికి పిలిచి, మళ్లీ గడియ పెట్టు.”