రెండు టిక్కులు

యుద్ధవిమానాల్లో నా ఎడమపక్కన ఎగిరే జోడీ పైలట్ రేడియోలో మాట్లాడేవాడు కాదు. నేను చెప్పింది అర్థమైతే మైకు మీట రెండుసార్లు నొక్కేవాడు. టిక్, టిక్.

నేను రాజీనామా ఇచ్చిన రోజు మాత్రం నోరు విప్పి అడిగాడు. "అన్నా, మరి నాకు తోడెవరు?"

"ఎవరో ఒకరు వస్తార్లే" అన్నాను. నా మనసంతా ఎయిర్‌లైన్ వాళ్ల కొత్త కోటు కొలతల మీదుంది.

ఎవరూ రాలేదు. మూడో నెలలో ఒంటరిగా ఎగిరి సముద్రంలో కూలిపోయాడు.

ఈ వెన్నెల రాత్రి అదే సముద్రం మీద, వెనక ప్రయాణికులంతా నిద్రపోతుండగా, "ఎడమకు తిరుగుతున్నాం" అని రేడియోలో కంట్రోల్‌కి చెప్పాను.

టిక్, టిక్.

కోపైలట్ నా భుజం మీదుగా కిటికీలోంచి చూసింది. "సార్, మన పక్కనే ఎవరో వస్తున్నారు. లైట్లు కూడా లేవు."

నేను తల తిప్పలేదు. "ఎవరూ లేరమ్మా" అని కిటికీ తెర దించేశాను.

టిక్, టిక్.