పెద్దోళ్లను అడుగు

"చదువు చెప్తరని బడికి తోలితే, బతికున్న మనిషికి అంబులెన్స్ పిలిపిస్తరా మేడం?"

తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడి కొమురమ్మ అరిచింది. కూతురు సౌమ్య చెయ్యి ఆమె పిడికిట్లో ఉంది. బోర్డు దగ్గర జీవశాస్త్రం చెబుతున్న అరుణ ఆగిపోయింది.

"ఏమైంది కొమురమ్మా? లోపలికి రా."

"ఏం రావాలె! మా ఆయన తిరుపతి నిన్న కల్లు తాగి వాకిట్ల పండుకున్నడు. గీ పిల్ల ఆయన్ను పక్కకు దొర్లిచ్చి 108కు ఫోన్ కొట్టింది. బండి మోగుకుంట వాడకట్టుకు వచ్చింది. పైకి ఎత్తంగనే లేచి, లుంగీ సర్దుకొని నడిచిపోయిండు. అందరు ఒకటే నవ్వుడు. మా ఇజ్జత్ తీసింది."

"బాపును ఎంత లేపినా లేవలే మేడం," అంది సౌమ్య నేల చూస్తూ. "గురక గరగర వచ్చింది. మీరు చెప్పినట్టే ఉండె."

అరుణ ఆ పాఠం చెప్పి వారమైంది. గోలీలు గానీ, మత్తు గానీ మోతాదు మించిన మనిషిని ఎలా గుర్తుపట్టాలో చెప్పింది. నోట్లో ఏమీ పోయొద్దంది. ఒక పిల్లను నేల మీద పడుకోబెట్టి, పక్కకు ఎలా తిప్పాలో చేసి చూపించింది. అనుమానం వస్తే చాలు, ఫోన్ చేయండని రెండుసార్లు చెప్పింది. అందరికంటే శ్రద్ధగా విన్నది సౌమ్యే.

అరుపులు విని హెడ్మాస్టర్ దామోదర్ వచ్చాడు. అరుణను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"పిల్లలకు గివన్నీ ఎందుకు మేడం? పుస్తకంల ఉన్నది చెప్పుండ్రి చాలు. రేపు ఊరంత బడి మీదికొస్తది. ఏదో ఒకటి చెప్పి ఆమెను పంపియ్యుండ్రి."

పిల్ల చేసింది తప్పు కాదన్న మాట అరుణ నాలుక చివరిదాకా వచ్చింది. తరగతి మొత్తం తననే చూస్తోంది. హెడ్మాస్టర్ గడియారం చూసుకుంటున్నాడు.

"తప్పయింది కొమురమ్మా," అంది.

తర్వాత సౌమ్య వైపు తిరిగింది. "ఇంకోసారి నీ అంతట నువ్వు ఫోన్ చేయకు. ముందు ఇంట్ల పెద్దోళ్లను అడుగు. వాళ్లు చేయమంటేనే చెయ్యి."

సౌమ్య తలెత్తింది. "అనుమానం వస్తే చాలన్నరు కద మేడం?"

"చెప్పింది విను. పోయి కూసో."

కొమురమ్మ కోపం దిగింది. "గట్ల చెప్పుండ్రి మేడం. మీ మాటంటే దానికి వేదం," అని నొస్తున్న నడుం పట్టుకొని వెళ్లిపోయింది. సౌమ్య పోయి తన బెంచీ మీద కూర్చుంది.

పన్నెండు రోజులు గడిచాయి. సోమవారం ప్రార్థన అవుతుండగా అటెండర్ ముత్తయ్య వచ్చి చెప్పాడు.

"మేడం, మన సౌమ్య ఇంట్ల సావైంది. నిన్న పగటిపూట. బండి వచ్చేటాల్లకే పానం పోయిందట."

ఎవరని అరుణ అడగలేదు. అడగాల్సిన పని లేదనిపించింది. స్కూటీ తీసి వాళ్ల వాడకట్టుకు వెళ్లింది. ఇంటి ముందు టెంటు వేశారు. శవం చుట్టూ ఆడవాళ్లు మూగి ఏడుస్తున్నారు. సౌమ్య ఒక్కతే గోడకు ఆనుకొని కూర్చుంది. కళ్లలో నీళ్లు లేవు.

అరుణ ఆమె పక్కన కూలబడింది. "ఏమైంది బిడ్డా?"

"తిన్నంక నిద్రవట్టింది మేడం, మల్ల లేవలే. నడుంనొప్పి గోలీల పట్టీ పక్కకే ఉన్నది, మొత్తం ఖాళీ. పెదవులు నీలమైనయి. శ్వాస ఆగి ఆగి వస్తున్నది. పక్కకు తిప్పిన. నోట్లె ఏం పొయ్యలే."

కల్లు మీద గోలీలు కూడా మింగాడా! అరుణ కళ్లు మూసుకుంది.

"మరి ఫోన్?"

"చేతిల్నే ఉండె మేడం. నంబర్ గూడ కొట్టిన."

"కొట్టి?"

"పెద్దోళ్లను అడగమన్నరు కద. అడిగిన. 'మల్లొకసారి నవ్వులపాలు చేస్తవా? ఏం గాదు, పండుకోనియ్యి' అన్నడు. పక్కింటోళ్లు వచ్చి బండిని పిలిచేదాంక, గంట సేపు గట్లనే చూసుకుంట కూసున్న."

"అన్నడా? ఎవరు బిడ్డా?"

"బాపు."

అరుణ లేచి, ఆడవాళ్లను తోసుకుంటూ ముందుకు వెళ్లింది. పసుపు రాసిన ఆ ముఖం కొమురమ్మది.