మొక్క ఒప్పుకోదు

"రిమోట్ ఇటివ్వండి అన్నయ్యా. నా మొక్క వణికిపోతోంది."

"మీ మొక్క వణకడం నేను చూళ్ళేదు చెల్లెమ్మా. నా మొక్క సొమ్మసిల్లడం మాత్రం కళ్ళారా చూశాను," అన్నాడు ఆర్టిస్టు, రిమోట్‌ని చొక్కా జేబులోకి తోసేస్తూ.

బడి పుస్తకాలు అచ్చేసే ఆ ఆఫీసులో వాళ్ళిద్దరిదీ ఒకే గది. ఆవిడ ప్రూఫులు దిద్దుతుంది, ఆయన బొమ్మలు వేస్తాడు. ఏసీ సరిగ్గా ఆవిడ నెత్తిన ఉంది. ఆ గాలికి కుడి భుజం పట్టేసి, పెన్ను పట్టుకుంటే ప్రాణం పోతోంది. ఆయనది నిండు విగ్రహం. గది కాస్త వేడెక్కితే చాలు, చెమట బొట్లు రాలి వేసిన బొమ్మ అలుక్కుపోతుంది.

ఈ కష్టాలు మేనేజరుతో చెప్పుకోలేదా అంటే, ఎందుకు చెప్పుకోలేదూ. "చలిగా ఉందండీ" అని ఆవిడ వెళ్తే, "సర్వర్ గదిలో కూర్చుని చూడండి, చలంటే ఏమిటో తెలుస్తుంది" అన్నాడు. "ఉక్కగా ఉందండీ" అని ఆయన వెళ్తే, "మేడ మీద రేకుల గది ఖాళీగానే ఉంది, పంపించమంటారా" అన్నాడు. అంతటి దయామయుడు.

ఆ దయామయుడికి మొక్కలంటే మాత్రం ప్రాణం. పచ్చగా ఉన్న ఆఫీసుకి బహుమతి ఇస్తామని పై ఆఫీసు వాళ్ళు ప్రకటించిన రోజున పుట్టిన ప్రాణం అది. అది కనిపెట్టి ఆవిడ ఎర్రపూల ఆంథూరియం కుండీ తెచ్చి కిటికీలో పెట్టుకుంది. "వేడి ప్రాంతపు మొక్కండీ, చలిగాలికి బతకదు" అంది. భుజం మొత్తుకున్నా కదలని ఏసీ మొక్క పేరు చెప్పగానే తగ్గింది. మర్నాడే ఆర్టిస్టు ఒక దేవదారు మొక్కని చంకన పెట్టుకుని దిగాడు. "చలికొండల మొక్కండీ, ఉక్కకి మాడిపోతుంది" అన్నాడు. ఏసీ మళ్ళీ హెచ్చింది. అప్పటినుంచీ రిమోట్ కోసం ఈ యుద్ధం.

ఇవాళ తగవు తీర్చడానికి మేనేజరే స్వయంగా వస్తున్నాడు. వరండాలో బూట్ల చప్పుడు వినపడగానే ఆర్టిస్టు గొంతు తగ్గించాడు.

"మనలో మనం చెల్లెమ్మా. ఇరవై అయిదు దగ్గర పెట్టుకుందాం. మీకూ సరిపోతుంది, నాకూ సరిపోతుంది."

నిజమే, సరిపోతుంది. భుజం కూడా ఒప్పుకోమనే చెప్పింది. కానీ శత్రువుని ఓడించాలని వారం పాటు దేవదారు గుట్టుమట్లన్నీ చదివి కంఠతా పట్టిన మనిషి, ఆ చదువంతా బూడిదలో పోసిన పన్నీరు కానిస్తుందా?

"నాకేం అభ్యంతరం లేదన్నయ్యా. మొక్కే ఒప్పుకోదు."

మేనేజరు లోపలికి వచ్చి ఆంథూరియం ఆకు నిమిరాడు. దేవదారు సూదులు నిమిరాడు. ఆ తర్వాత గదిలో ఇద్దరు మనుషులు కూడా ఉన్నారని గమనించాడు.

"ముందొకటి తేల్చండి. ఈ గొడవ మీ సుఖం కోసమా, మొక్కల కోసమా?"

"నాదేముందండీ. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను. నాకు చలీ లేదు, వేడీ లేదు," అంది ఆవిడ, భుజం నొక్కుకుంటూ.

"నేనూ అంతేనండీ," అన్నాడు ఆర్టిస్టు, మెడ తుడుచుకుంటూ.

"అయితే మొక్కల సంగతి చెప్పండి."

"అసలు దేవదారు గురించి ఈయనకేం తెలుసండీ? పొద్దున్నే సీసాడు నీళ్ళు గుమ్మరిస్తారు. పైమట్టి ఆరాక పొయ్యాలి, లేకపోతే వేళ్ళు కుళ్ళుతాయి. దానికి చల్లదనం ఒక్కటే చాలదు, ఎండ పడాలి. ఈయన తీసుకెళ్ళి బీరువా చాటున పెట్టారు."

"ఆవిడ నిర్వాకం చూడండి. ఆంథూరియానికి వెలుతురు కావాలి గానీ ఎండ నేరుగా తగలకూడదు. గాలిలో తేమ ఉండాలి, ఆకుల మీద తుంపర చల్లాలి. ఈవిడ ఉతికిన బట్టలా కిటికీలో ఆరేశారు."

"ఎరువు కూడా గుప్పిళ్ళతో పోస్తారండీ. దేవదారుకి చిటికెడు చాలు."

"ఆంథూరియానికి మట్టి గుల్లగా ఉండాలి. ఆవిడ కుండీలో మేకు దిగదు."

ఈయన కూడా గట్టిగానే చదివి వచ్చాడని ఆవిడకి అప్పుడు అర్థమైంది. మేనేజరు అంతా శ్రద్ధగా విన్నాడు. సెలవు అడిగిన మనిషి మాట ఆయన ఏనాడూ అంత శ్రద్ధగా విని ఎరగడు.

"సరే, వినండి. దేవదారు సర్వర్ గదికి. చల్లగా ఉంటుంది, తూర్పు కిటికీలోంచి ఎండా పడుతుంది. ఆంథూరియం మేడ మీద రేకుల గదికి. వేడికి వేడి, పక్కనే నీళ్ళ ట్యాంకు కాబట్టి తేమకి తేమ. కిటికీకి పరదా కట్టిస్తాను. మొక్కల్ని కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి మీ బల్లలు కూడా అక్కడికే."

ఆవిడ మనసు గంతులేసింది. రేకుల గది అంటే రోజంతా భుజానికి కాపడం పెట్టినట్టే. ఆర్టిస్టు మొహం అప్పుడే సర్వర్ గదిలో ఉన్నంత చల్లగా ఉంది. పాము చావకుండా, కర్ర విరగకుండా తగవు తెగింది. ఆయన జేబులోంచి రిమోట్ తీసి ఆవిడకి అందించాడు.

"ఉంచండన్నయ్యా, ఇంకెందుకు," అంది ఆవిడ ఉదారంగా.

గుమ్మం దాకా వెళ్ళిన మేనేజరు వెనక్కి తిరిగాడు.

"ఎవరి మొక్కని వాళ్ళు చంపుకునేలా ఉన్నారు, ఎదుటివాళ్ళ మొక్క సంగతి మాత్రం ఔపోసన పట్టారు. అందుకని సర్వర్ గదిలో దేవదారు దగ్గర మీరు కూర్చోండమ్మా, రేకుల గదిలో ఆంథూరియం దగ్గర ఆయన కూర్చుంటారు. ఎలాగూ మీకు చలీ లేదు, వేడీ లేదన్నారుగా."