దారి ఉంది

"మన సైట్లో ఎవడో దొంగరాతలు రాస్తున్నాడండీ," అన్నాడు బాబ్జీ, ఆటో ఇంజను ఆపకుండానే.

శారోన్ గుమ్మంలోకి వచ్చింది.

"ఏం రాసేడు?"

"నీళ్ళొస్తున్నాయి, రావద్దు అనండి. తీరా వెళ్ళి చూస్తే టైరు కూడా తడవలేదు. ఎక్కిన నలుగురూ దిగిపోయేరు."

"ఎవరో తెలిసిందా?"

"ఇంకెవడండీ? ఒడ్డున గుడిసేసుకున్నాడే, మాణిక్యం అనే ముసలాడు. జనాన్ని భయపెడితే పడవెక్కుతారని."

బాబ్జీ కిందటేడాదే ఈ దారికి ఆటో తెచ్చుకున్నాడు. బేరం పోతే కడుపు మండదూ?

నిజానికి ఆ సైటు పుట్టింది శారోన్ తల్లి కోసం. జ్ఞానమ్మ టీచరుకి రెండేళ్ళ కిందట ఏటి మధ్య లంకలోని బడికి బదిలీ అయింది. రాజోలు నుంచి ఆటోలో వెళ్ళి, గోదావరి పాయ మీద కాజ్‌వే దాటాలి. వరద రోజుల్లో అది ఎప్పుడు మునుగుతుందో దేవుడికే తెలియాలి.

అందుకే కూతురు ఓ చిన్న సైటు తయారుచేసింది. ఒడ్డున ఉన్నవాళ్ళెవరైనా 'దారి ఉంది' అనో 'దారి లేదు' అనో ఫోన్లో రాయొచ్చు. పేరడిగేది లేదు, ఊరడిగేది లేదు. జ్ఞానమ్మ రోజూ అది చూసుకున్నాకే చెప్పుల్లో కాళ్ళు పెట్టేది.

అలాంటి సైటుకి మచ్చ వచ్చిందనేసరికి శారోన్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఇంట్లోంచే చేసే కంపెనీ పని పక్కన పడేసి ఆ మధ్యాహ్నమే లాగిన్ పెట్టేసింది. ఎవరైనా చూడొచ్చు. రాయాలంటే మాత్రం యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉండాలి. అవి కావాలంటే పేరూ, ఉద్యోగం, హోదా చెప్పాలి.

పంచాయతీ కార్యదర్శికి ఒకటి ఇచ్చింది. ఇంకో ఉద్యోగికి ఒకటి ఇచ్చింది. ఇద్దరూ పెద్దమనుషులే. రాత్రి లంకలో పడుకునేవాడు మాత్రం ఇద్దరిలో ఒక్కడూ లేడు.

మూడో రోజు పొద్దున్నే ఓ ముసలాయన సైకిలు దిగాడు. పంచె నడుము దాకా తడిసి ఉంది.

"అమ్మాయిగారూ, నా ఫోన్లో రాయనివ్వట్లేదండి. ఏదో పేరడుగుతోంది."

"మాణిక్యం గారంటే మీరేనా?"

"ఆయ్."

"ఏం చేస్తుంటారు?"

"ఏం చెయ్యనండి. తెల్లారగట్ల కాజ్‌వే మీదకి దిగి, చూసొచ్చి రాస్తానండి."

"అది కాదు. అసలు మీరెవరు? ఇంతకు ముందు ఏం చేసేవారు?"

ముసలాయన తడి పంచె అంచు పిండుకున్నాడు.

"నేనెవరైతే ఏవుందండి? నీళ్ళున్నాయో లేదో తెలిస్తే చాలదా అండీ?"

"చాలదండీ. రాసిందెవరో తెలియాలి. పడవ బేరాలు బాగానే ఉన్నట్టున్నాయిగా, ఇంకా ఈ రాతలెందుకు?" అని ఎత్తిపొడిచింది శారోన్.

ఆయన తల దించుకున్నాడు.

"ఇచ్చెయ్యవే, పాపం. అంత దూరం నుంచి వచ్చేరు," అంది లోపల్నుంచి జ్ఞానమ్మ.

"నువ్వూరుకో అమ్మా, నీకు తెలీదు."

"పోనీ నా నంబరు రాసుకోండమ్మా. నీళ్ళొస్తే ఫోన్ చేసి చెప్తాను, మీరే రాద్దురు గాని," అన్నాడు మాణిక్యం.

శారోన్ తలుపేసేసింది.

ఆగస్టులో ఎగువన వానలు దంచికొట్టాయి. ధవళేశ్వరంలో గేట్లెత్తారు.

ఆ పొద్దున జ్ఞానమ్మ ఫోన్ చూసింది. 'దారి ఉంది' అని ఉంది. కార్యదర్శి నిన్న సాయంత్రం ఐదింటికి పెట్టింది. అబద్ధమేమీ కాదు, నిన్నటి నిజం.

"వెళ్ళొస్తానే," అని బాబ్జీ ఆటో ఎక్కింది.

గంట తిరక్కుండా కబురొచ్చింది. శారోన్ పరుగెత్తుకెళ్ళేసరికి బాబ్జీ ఒక్కడే ఒడ్డున బురదలో కూలబడి ఉన్నాడు.

"అమ్మేదీ?"

"ముసలాడు ఆటోకి అడ్డంగా నిలబడ్డాడండి. వద్దు వద్దని తువ్వాలు ఊపేడు. పడవ బేరం కోసమనుకుని పక్కనుంచి పోనిచ్చేసేను."

"అమ్మేదీ బాబ్జీ?"

"టీచరుగారు ఆపమన్నారండి. సైట్లో దారి ఉందంది కదండీ అని నేనే..."

నడి కాజ్‌వే మీద వరద ఆటోని పల్టీ కొట్టించింది. మాణిక్యం దూకాడు. బాబ్జీని జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చాడు. జ్ఞానమ్మ కోసం మళ్ళీ వెళ్ళాడు.

ఇద్దరిలో ఎవరూ తిరిగి రాలేదు.

మూడో రోజు జ్ఞానమ్మ దొరికింది. మాణిక్యం దొరకనేలేదు.

సమాధి చేసి వచ్చాక శారోన్ ఆ సైటుని మూసేసింది. ఇక చేసేదేముంది? వద్దని రాసే మనిషినే గుమ్మంలోంచి పంపేసింది. ఏడుద్దామన్నా తనమీద తనకే అసహ్యం వేసి కన్నీళ్ళు రాలేదు.

మర్నాడు కాజ్‌వే ఒడ్డుకి వెళ్ళింది. గుడిసె ముందు మాణిక్యం భార్య నీళ్ళకేసి చూస్తూ కూర్చుని ఉంది.

"మీది ఈ ఊరేనా అండీ?"

"కాదమ్మా. ద్రాక్షారామం వైపు. ఆయన పట్టుబట్టి ఇక్కడ గుడిసేయించేరు. రోజూ చీకట్నే లేచి నీళ్ళలోకి దిగేవారు. జొరమొచ్చినా ఆగేవారు కాదు."

శారోన్ చుట్టూ చూసింది. ఒడ్డున ఏమీ లేదు.

"ఆయన పడవ కూడా కొట్టుకుపోయిందాండీ?"

ఆవిడ అర్థం కానట్టు చూసింది.

"మాకు పడవెక్కడిదమ్మా? పదకొండేళ్ళ కిందట, నీళ్ళు తక్కువేలే అనుకుని నలుగురు బడిపిల్లల్తో ఇదే కాజ్‌వే మీదకి ఆటో పోనిచ్చి, ఒక్కడే బతికి ఒడ్డెక్కిన డ్రైవరమ్మా ఆయన."